ప్యాంటు తాత ధోతులు

ఒక మనిషి నెత్తి మీద చెయ్యి పెట్టి నేను అబద్ధం చెప్పాను. ఆమె నమ్మింది. కొన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఇదే. నిన్నటిదాకా ఇంట్లో చెప్పలేదు, పనిలో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం కొంత సులువు.

ఆమెను యాదమ్మ అంటాను. అసలు పేరు అది కాదు. పటాన్‌చెరు చుట్టుపక్కల యాదమ్మలకు కరువు లేదు గనుక ఎవరికీ ఇబ్బంది రాదు. నా పేరు మీకు అక్కర్లేదు. నలుగురిలో మంచి పేరున్న మనిషినని తెలిస్తే చాలు. ఆ మంచి పేరు ఎలా వచ్చిందో చెప్పడానికే కూర్చున్నాను.

నా అబద్ధం వల్ల ఎవరూ చచ్చిపోలేదు. ఎవరికీ జబ్బు చెయ్యలేదు. పైగా అంతా బాగానే జరిగింది. అందుకే ఇన్నాళ్ళూ దీన్ని తప్పు అనకుండా తప్పించుకోగలిగాను. నష్టపోయినవాళ్ళు లేనప్పుడు తప్పేముంది అని నాకు నేనే వకీలునై వాదించుకున్నాను, జడ్జి కూడా నేనే కాబట్టి గెలిచాను. మరి గెలిచినదాన్ని యాదమ్మ ఎదురుపడ్డప్పుడల్లా ఎందుకు తల దించుకుంటున్నాను? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె మామూలుగా "ఏంది మేడం" అన్నా ఉలిక్కిపడతాను.

మాది ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న యూనిట్. పాత బట్టల నుంచి కొత్త బట్ట చేస్తాం. ఆడవాళ్ళు ఒక పొడుగాటి బల్ల చుట్టూ కూర్చుని పాత బట్టలు ఏరుతారు, గుండీలు, హుక్కులు, జిప్పులు తీసేస్తారు. తర్వాత వాటిని ముక్కలు చేసి పళ్ళున్న మిషన్లో వేస్తే చిరిగి చిరిగి మళ్ళీ దూదిలా అవుతాయి. దాంట్లో కొంచెం కొత్త పత్తి కలిపి నూలు తీస్తాం, నేస్తాం. కొత్తగా పత్తి పండించి, రంగులద్ది, ఆ రంగునీళ్ళు వదిలేసే తిప్పలు అంత మేరకు తగ్గుతాయి. రంగునీళ్ళ గురించి మా ప్రాంతంలో ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు. బోరు నీళ్ళు వాసన చూసి గానీ గ్లాసులో పోసుకోని ఇళ్ళలో పెరిగినవాళ్ళం. ఈ పనంటే నాకు ప్రాణం. ఇది కూడా నిజమే, నమ్మండి.

పరిశోధన విభాగం అంటే ఒక గది, కొన్ని పరికరాలు, నేను. మొదట్లో మా బట్ట ఎంత గరుకుగా వచ్చేదంటే, మా ఓనరు సారు దాన్ని చేత్తో పట్టుకుని, "గోనెసంచి మంచిగొచ్చిందమ్మా, బట్ట ఎప్పుడొస్తది?" అనేవారు. ఆయన తప్పేం లేదు. ఈ రోజుల్లో జనం పారేసే బట్టల్లో సగం ప్లాస్టిక్కే. ఒక పోగు తీసి అగ్గిపుల్లతో అంటిస్తే తెలిసిపోతుంది. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి ముద్దకడుతుంది. నా గదిలో రోజంతా ముద్దకట్టే వాసనే. నాకు కావలసింది అచ్చమైన నూలు, ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి మెత్తబడ్డది. అది ఎక్కడ దొరుకుతుంది?

తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లలో పాత బట్టల కోసం పెట్టెలు పెట్టించాను. వాటి మీద నా ఫోన్ నంబరు రాయించాను. ఒకరోజు ఒకాయన ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్న పోయి నెల దాటిందట. బీరువా నిండా ఆయన బట్టలు. ఊళ్ళో ఉన్నప్పుడైతే పోయినవాళ్ళ బట్టలకు ఒక దారి ఉండేది, కొన్ని మనిషితో పాటే పోయేవి, కొన్ని ఊరవతల వదిలేసేవాళ్ళు. పన్నెండో అంతస్తులో ఉండేవాళ్ళకు ఊరవతల ఎక్కడ? పెట్టెలో పడేయడానికి ఆయనకు మనసొప్పలేదు. మీరు వచ్చి తీసుకుంటారా అని అడిగాడు.

వెళ్ళాను. ఆయన అన్నీ మడతపెట్టి మంచం మీద పేర్చాడు. ధోతులు, అంగీలు, బనీన్లు, చేతి రుమాళ్ళు. ఒక్కొక్కటి తీసి చేతిలో పెడుతూ, ఇది నాన్న బ్యాంకుకు వెళ్ళేటప్పుడు కట్టుకునేది, ఇది నా పెళ్ళప్పటిది అని చెబుతున్నాడు. కళ్ళలో నీళ్ళు. నేను తల ఊపుతూనే ఉన్నాను. కానీ నా బొటనవేలూ చూపుడువేలూ ఏం చేస్తున్నాయో తెలుసా? ఆ ధోతి అంచు నలిపి చూస్తున్నాయి. ఎంత మెత్తన! ఎంత అచ్చమైన నూలు! దొరికింది, ఇదే, అని నా గుండె గంతులేసింది. పోయిన మనిషి మంచం మీద కూర్చుని నేను సంతోషించాను. అది కూడా ఇవాళే ఒప్పుకుంటున్నాను.

అప్పుడు అర్థమైంది. అచ్చమైన నూలు ఇంకా కట్టుకునేది ముసలివాళ్ళే. వాళ్ళ బీరువాలు ఖాళీ అయ్యేది వాళ్ళు పోయాకే. నేను వెతుకుతున్న దూది అంతా అక్కడుంది. తర్వాత అలాంటి ఫోన్లు వచ్చినప్పుడల్లా నేనే వెళ్ళాను, నేనే కారులో తెచ్చాను. ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకు తప్ప మరొకరికి తెలియనివ్వలేదు. ఎందుకు తెలియనివ్వలేదు? తెలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు కనుక. నేనూ సంగారెడ్డి పిల్లనే. పోయినవాళ్ళ బట్ట ముట్టుకుంటే స్నానం చేయకుండా గడప దాటనివ్వని ఇంట్లోనే పుట్టాను.

ఆ మొదటి ధోతుల మూట బల్ల మీద విప్పిన రోజు యాదమ్మ నన్ను పిలిచింది. యాదమ్మ మా ఏరే బల్లకు పెద్ద దిక్కు. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. నేను టిఫిన్ డబ్బా మర్చిపోయిన రోజున తన జొన్నరొట్టెలో సగం విరిచి నా ముందు పెట్టి, "తిను, సన్నగ గడ్డిపోసోలె ఉన్నవు, రేపు పెండ్లయితే ఎట్ల?" అనేది. అడగని సలహా ఇవ్వకుండా ఆమెకు పూట గడవదు.

"మేడం, జెర ఇటు రా," అంది.

"ఏంది యాదమ్మా?"

"ఇవన్ని ఒక్క మనిషియే గదా. ధోతులు, అంగీలు, ఆఖరికి రుమాళ్ళు గూడ. బతికున్న మనిషి అన్ని ఒక్కపారి ఎట్ల ఇస్తడు? ఇవి సచ్చినోళ్ళయా?"

బల్ల చుట్టూ చేతులు ఆగిపోయాయి. ఒకామె చేతిలోది వదిలేసి కొంగుకు వేళ్ళు తుడుచుకుంది. వాళ్ళు లేచిపోతే నా బట్ట లేదు. ఆ నెలలో నమూనా చూపించలేకపోతే నా గది మూసేస్తానని సారు చెప్పి ఉన్నారు. నేను ఆలోచించాను అని చెబితే అబద్ధం. ఆలోచించలేదు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఛీ ఛీ, కాదు. ఆ పెద్దమనిషి బెంగుళూరుల బిడ్డ దగ్గరికి పోయిండు. ఆడ ధోతి కట్టుకుంటే మనుమరాలు నవ్వుతున్నదంట. ఇగ నేను ప్యాంట్లే ఏసుకుంట అని అన్ని ఇచ్చేసిండు."

"ఎన్నేండ్లుంటయి ఆయనకు?"

"తొంభై దాటినయి."

"నా నెత్తి మీద చెయ్యి వెట్టి చెప్పు."

పెట్టాను. కొబ్బరినూనె రాసిన వెచ్చటి తల. "ఒట్టు యాదమ్మా. మంచిగున్నడు ఆయన," అన్నాను.

ఆమె నా కళ్ళలోకి చూసింది. తర్వాత పకపకా నవ్వింది. "తొంభై ఏండ్లకు ప్యాంటా! వాని షోకు సల్లగుండ!" బల్లంతా నవ్వింది. చేతులు మళ్ళీ కదిలాయి. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది బాగా అతికింది.

అంతటితో ఆగితే బాగుండేది. ఆ ముసలాయనకు వాళ్ళు 'ప్యాంటు తాత' అని పేరు పెట్టారు. ఆ రోజు నుంచి ప్యాంటు తాత మా బల్ల దగ్గరే కాపురం పెట్టాడు. పొద్దున్నే, "ప్యాంటు తాత ఇయ్యాల పార్కుల ఉరుకుతుండొచ్చు" అని ఒకామె. "ఉరుకుడు కాదు, సెల్ఫీలు దిగుతుండు" అని ఇంకొకామె. ఆయనకు ఒక ముసలి స్నేహితురాలిని కూడా కుదిర్చింది యాదమ్మ. వాళ్ళు నవ్వుతుంటే నేనూ నవ్వేదాన్ని. నిజానికి ఆ పెద్దాయన బతికుండగా ఆయన మీద అంతమంది అంత ప్రేమగా జోకులు వేసి ఉండరు. కొన్నిసార్లు నాకూ ఆయన ఎక్కడో బతికే ఉన్నాడనిపించేది. అంత కమ్మగా ఉండేది ఆ అబద్ధం.

బట్ట వచ్చింది. పాలమీగడ రంగు, అక్కడక్కడ లేత నీలం నలకలు. చెంపకు ఆనించుకుంటే జారిపోయేంత మెత్తన. సారు చేతిలో పట్టుకుని, ఈసారి గోనెసంచి అనలేదు. నా గది నిలబడింది.

అప్పుడే యాదమ్మ బిడ్డ లావణ్యకు నెలలు నిండుతున్నాయి. అంతకుముందు లావణ్యకు కడుపు నిలవలేదు, ఒకసారి కాదు. ఈసారి యాదమ్మ మొక్కని దేవుడు లేడు, బొంతపల్లి వీరభద్రస్వామికి ఎన్ని కొబ్బరికాయలు బాకీపడిందో ఆమెకే తెలియదు. ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చి తలుపు దగ్గర నిలబడి, ఆ కొత్త బట్టలో ఒక ముక్క అడిగింది.

మీకు తెలుసు కదా, మన దగ్గర పుట్టిన బిడ్డకు పురుడు చేసేదాకా కొత్త బట్ట వెయ్యరు. పాతదే చుడతారు. అదీ ఎవరిదంటే వారిది కాదు, నిండుగా బతికి ఇంకా గట్టిగా తిరుగుతున్న ముసలివాళ్ళది. ఆ ఆయుష్షు బిడ్డకు రావాలని.

"మా ఇంట్ల గట్టిగ బతికిన ముసలోళ్ళు ఎవలున్నరు మేడం, అందరు అరవై దాటకుండనే పోయిరి," అంది. "ప్యాంటు తాత బట్ట ఇయ్యి. తొంభై ఏండ్లకు షోకు జేస్తుండు గాయన. గా ఆయుష్షు నా మనుమనికి కావాలె."

ఆ క్షణంలో చెప్పాల్సింది. తలుపు వేసి, కూర్చోబెట్టి చెప్పాల్సింది. ఇంకొక బట్ట ఇస్తాను అన్నాను. మెత్తగా ఉండదు, పసిచర్మం కందుతుంది అని ఆమే అంది. మనసులో ఏమనుకున్నానో తెలుసా? దీన్ని మరిగించి ఉతికాం, చీల్చాం, దూది చేశాం, వడికాం. ఇందులో ఎవరి చావూ లేదు, ఎవరి ఆయుష్షూ లేదు. అంతా నమ్మకం. శాస్త్రం చదివినదాన్ని, నేను భయపడతానా? కత్తెర తీసి కత్తిరించి ఇచ్చాను. ఆమె దాన్ని కళ్ళకద్దుకుంది.

బాబు పుట్టాడు. బంగారంలా ఉన్నాడు. ఇప్పుడు బడికి పోతున్నాడు, వాళ్ళమ్మమ్మ నోరే వచ్చింది. యాదమ్మ ఆ ఘనతంతా బట్టకే కట్టబెట్టింది. కిష్టారెడ్డిపేట దాకా మాట పాకింది. బల్ల దగ్గర వాళ్ళందరూ తమ ఇళ్ళలో కాన్పులకు ఆ బట్టే అడిగారు. అటు పాతదీ కాదు, ఇటు కొత్తదీ కాదు, పురిటికి ఇంతకన్నా సరైనది ఏముంటుందని సారుకు ఆలోచన తట్టింది. పసిపిల్లలకు చుట్టే బట్టలు మొదలుపెట్టారు. అవే ఇప్పుడు మా యూనిట్‌ను నడిపిస్తున్నాయి. నన్ను మీటింగులకు పిలుస్తారు. "బట్టకు చావు లేదు" అని మైకులో చెబుతాను. చప్పట్లు కొడతారు. ఆ మాట అన్నప్పుడల్లా నా నాలుక ఎండిపోవడం ముందు వరసలో వాళ్ళకు కనిపించదు.

ఇక్కడిదాకా చెప్పింది చిన్న తప్పు. అసలుది ఇప్పుడు చెబుతాను.

నాకు పాప పుట్టింది. మరునాడు యాదమ్మ రెండు బస్సులు మారి హాస్పిటల్‌కు వచ్చింది. చేతిలో కవరు. మొదట నేసిన తాను నుంచి నేను ఇచ్చిన దాంట్లోనే ఒక ముక్క ఎప్పుడో నా కోసమని దాచి ఉంచిందట, అప్పటికి నాకు పెళ్ళే కాలేదు. కుంకుడుకాయతో ఉతికి, ఎండలో ఆరబెట్టి, చేత్తో సాపు చేసి తెచ్చింది. "నీ చేతితోని మా ఇంటికి మంచి జరిగింది. ఇగ నీ బిడ్డకు," అని నా పక్కన పెట్టింది. పాపను చూసి మెటికలు విరిచింది.

అది శుభ్రమైన బట్టని ఈ లోకంలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఎంత వేడిలో మరిగిందో నాకు తెలుసు. నా చెయ్యి మాత్రం కదల్లేదు. ఆ మంచం కనిపించింది, పేర్చిన ధోతులు కనిపించాయి, ఆ కొడుకు కళ్ళు కనిపించాయి. నా పసిగుడ్డును చూశాను. తన దాకా వస్తే గానీ తత్వం బోధపడదంటారు. నాకు ఆ రోజు బోధపడింది. "ఈ హాస్పిటల్ల బయటి బట్టలు ఒప్పుకోరు యాదమ్మా, ఇంటికి పోయినంక చుడత," అన్నాను. ఇంకో అబద్ధం. ఇంటికి వెళ్ళాక దాన్ని బీరువా అడుగున తోసేశాను.

అంటే ఏమిటి? నాకూ భయముంది. మొదటి నుంచీ ఉంది. మరి యాదమ్మ మనవడికి కత్తిరించి ఇచ్చినప్పుడు ఆ భయం ఎక్కడికి పోయింది? ఎన్నో మొక్కులు మొక్కి కన్న బిడ్డ కంటే నా బిడ్డ ఎక్కువా? వాళ్ళదైతే మూఢనమ్మకం, నాదైతే తల్లి మనసా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా జవాబు ఒక్కటే వస్తుంది, దాన్ని రాయడానికి సిగ్గుగా ఉంది. అవును, నాకు నా బిడ్డే ఎక్కువైంది.

పోయిన వారం యాదమ్మ వచ్చింది. లావణ్యకు మళ్ళీ నెలలు నిండాయి. ఈసారి కొత్త ముక్క వద్దట. "నీ బిడ్డకు చుట్టిందే ఇయ్యి మేడం. ఎంత చురుకున్నదో పోరి, గదే చెయ్యితోని గదే బట్ట కావాలె," అంది. సరే అన్నాను. అనక ఏం చెయ్యను?

ఇంటికి వచ్చి తీశాను. ఆమె పెట్టిన మడత పెట్టినట్టే ఉంది. పాల మరక లేదు, కాటుక మరక లేదు. ఆమె ముట్టుకుంటే చాలు, తెలిసిపోతుంది. అప్పుడు నేనేం చేశానో వినండి. బకెట్లో నానబెట్టి ఉతకడం మొదలుపెట్టాను. పిండి, ఆరబెట్టి, మళ్ళీ ఉతికాను. పాతదానిలా కనిపించాలని. మూడేళ్ళ నా కూతురు వచ్చి, "అమ్మా, అది ఎవరిది?" అని అడిగింది. నీదే అని నోటిదాకా వచ్చింది. అక్కడ ఆగిపోయాను. బట్ట బకెట్లో వదిలేసి స్నానాల గదిలో పీట మీద కూర్చుని ఏడ్చాను.

నిన్న మధ్యాహ్నం అన్నం తిన్నాక యాదమ్మను నా గదికి పిలిచి చెప్పాను. ముందు ఏం చెప్పానో, తర్వాత ఏం చెప్పానో గుర్తులేదు. ధోతులూ, ఒట్టూ, హాస్పిటలూ, బకెట్టూ, అన్నీ కలగలిపి చెప్పేశాను. ఆమె తన చీర మీద అంటిన దూది నలకలు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చుంది.

చివరికి, "అయితే ప్యాంటు తాత లేడా?" అంది.

"లేడు యాదమ్మా. అప్పటికే లేడు."

ఇప్పుడే కబురు అందినట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు ఆమెను పట్టుకోవాలనిపించింది. పట్టుకునే ముఖం లేదు. కాసేపటికి లేచింది.

"తక్కినోళ్ళకు నువ్వే చెప్పు. నాతోని చెప్పియ్యకు."

చెబుతానన్నాను. తలుపు దాకా వెళ్ళి తిరిగింది. కోపం ఉంటుందనుకున్నాను, లేదు. ఉంటే బాగుండేది.

"నీ బిడ్డకు ఎందుకు చుట్టలే?"

"భయమైంది."

"నువ్వు చెప్తే నాగ్గూడ భయమైతుండె గదా బిడ్డా," అంది. అని బల్ల దగ్గరికి వెళ్ళి పనిలో కూర్చుంది.

క్షమించిందో లేదో నేను అడగలేదు. అడిగే అర్హత నాకు లేదు. ఇవాళ పొద్దున ఆమె నాతో మాట్లాడలేదు, రొట్టె విరిచి పెట్టలేదు. రేపు బల్ల దగ్గర అందరి ముందూ నిలబడాలి. వాళ్ళలో ఎవరు ఉంటారో, ఎవరు వెళ్ళిపోతారో తెలియదు. అయినా నిన్నటి నుంచి ఊపిరి కొంచెం లోతుగా అందుతోంది. ఆమె అన్నది నిజం. ఆమెకూ భయమయ్యేది. ఆ బట్ట వద్దనేది, లేదా అన్నీ తెలిసే తీసుకునేది. ఏది చేసినా తన మనవడి కోసం తనే చేసేది. నా బిడ్డ కోసం నేను భయపడ్డాను. ఆమెను మాత్రం భయపడనివ్వలేదు.